చిన్నదొర బరువెంత?

ముప్పై ఎనిమిదేళ్ళ పోలీసు కొలువులో నా ముఖం చూసి అబద్ధమాడి గట్టెక్కినవాడు ఒక్కడూ లేడు. గొర్రెల దొంగలూ, బొగ్గు దొంగలూ, పొరుగూరి పెళ్ళికూతుర్ని లేపుకొచ్చిన మొనగాళ్ళూ, ఎవరైనా సరే, నా ఎదుట పీట మీద కూర్చుంటే కప్పులో వేడినీళ్ళు చల్లారేలోగా నిజం కక్కేవారు. నేను కొట్టేవాణ్ణి కాదు. ఊరికే ఎడమ కనుబొమ ఎత్తేవాణ్ణి. ఆ కనుబొమకు మా షాన్సీ కొండల్లో ఎంత పేరంటే, ఒకసారి తప్పిపోయిన గాడిద దాన్ని చూసి సిగ్గుపడి యజమాని ఇంటికి తానే నడిచిపోయింది.

కాబట్టి, పురాతన విగ్రహాల దొంగతనాలు చూసే ఇన్‌స్పెక్టర్ లువాన్ పట్నం నుంచి మా కూషుయ్ ఊళ్ళో దిగగానే "ఝాయ్ అనే రిటైరైన పోలీసు ఎక్కడ?" అని అడిగితే, నా కనుబొమ కోసమే అనుకున్నాను.

కాదట. దొంగ మా వదిన.

నేను వెళ్ళేసరికి రెన్ వదిన కొండవాలు తొలిచి కట్టిన తన గుహ ఇంటి ముంగిట్లో పీట మీద కూర్చుని ఉంది. మా అన్న పోయి ఇరవై ఏళ్ళు. ఆమెకు డెబ్బై. ఒళ్ళో ఎర్రపట్టు అంగీ ఒకటి, పసిపిల్లవాడి అంగీ అంతది. ముంగిలి మధ్య కొత్త చాప, చాప మీద తెల్లటి ముద్ద. అడ్డదిడ్డంగా కారిన నీలం రంగు, పసుపు రంగు. ముద్దలోంచి ఒక గాజు కన్ను ఆకాశం వైపు చూస్తోంది. పక్క గుంటలో నిన్నటి వాననీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆ ముద్ద చిన్నదొర. పక్కూరు హౌలింగ్ వాళ్ళ కొండ మీది ఐదు డ్రాగన్ల గుడిలో ఐదుగురు వానదేవుళ్ళు అన్నదమ్ములు. అందులో కడగొట్టువాడు. ఐదువందల ఏళ్ళ నాటి దేవదారు చెక్క బొమ్మ, సర్కారు ముద్ర పడ్డ పురాతన సంపద. ఈ శరదృతువులో ఆ గుడిని యాత్రికులకు తెరవబోతున్నారు. దౌ అనే మేనేజరు గుడికి తాళాలు వేసి, టిక్కెట్ల గది కట్టించి, తుదిమెరుగులు దిద్దుతున్నాడు. నాలుగు రోజుల కిందట చిన్నదొర మాయమయ్యాడని ఫిర్యాదు చేసింది అతనే. అలాంటి విగ్రహాన్ని ఎత్తుకెళితే పదేళ్ళకు తక్కువ కాదు. డెబ్బైకి పదేళ్ళు కలపడం నాకొచ్చు.

"మొన్న మధ్యాహ్నం మీరు ఈ ఇంట్లోనే నూడుల్స్ తిన్నారట?" అంది లువాన్. నలభై లోపు మనిషి. పొట్టి జుట్టు, బురదకు వెరవని బూట్లు.

"తిన్నాను."

"విగ్రహం గురించి అడిగారా?"

"అడగకేం! 'చిన్నదొర సంగతి ఏమైనా విన్నావా వదినా' అన్నాను. 'దేవుళ్ళ సంగతి దేవుళ్ళకే తెలియాలి, నువ్వు వెనిగర్ వేసుకో మరిదీ' అంది."

"అప్పుడు విగ్రహం ఎక్కడుంది?"

వదిన తలెత్తకుండానే చెప్పింది. "తెర వెనక. మరిది వీపుకి మూరెడు దూరంలో. ఆయన వెల్లుల్లి కొరుకుతుంటే చప్పుడుకి దొర ఉలిక్కిపడతాడేమోనని నా భయం."

కనుబొమ ఎత్తాను కూడానండీ ఆ రోజు. ఆమె నా గిన్నెలో ఇంకో గరిటె వేసింది. అదీ నా ముప్పై ఎనిమిదేళ్ళ ప్రతాపం. గాడిదలకు సరిపోతుంది, వదినలకు చాలదు.

లువాన్ నవ్వలేదు. "మీవాళ్ళు నాతో మాట్లాడరు. మీరు అడగండి. అడ్డు తగిలితే మాత్రం మిమ్మల్నీ నిందితుల్లో రాసుకుంటాను."

నేను వదిన ఎదుట గొంతుక్కూర్చున్నాను. "ఎవరెవరు వెళ్ళారు?"

"ఏడుగురం. మొగుళ్ళు పోయినవాళ్ళం. మరి మా ఏడుపుకేగా ఆయన కరిగేది!"

"కరిగాడు కూడా," అంది లువాన్ ముద్ద వైపు చూస్తూ.

వదిన ఒళ్ళోని అంగీని గుప్పిట బిగించింది. నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. "అమ్మా, మా దగ్గర గొడుగు కొన్నవాడికి పిల్లనివ్వరు, మతి చెడిందనుకుంటారు. ఈ ఏడు విత్తిన కొర్రలు మట్టిలోనే వేగిపోయాయి. అలాంటప్పుడు పక్కూరి వానదేవుణ్ణి ఎత్తుకొచ్చి ఎండలో కూర్చోబెడతాం. మాడు కాలితేగాని ఆయనకు మా బాధ తెలియదు. వాన పడ్డాక ఆయన వానలో ఆయన్నే తడవనిచ్చి, కొత్త అంగీ తొడిగి, మూడు రోజులు నాటకం ఆడించి, మేళతాళాలతో తిరిగి అప్పజెబుతాం. ఎత్తుకెళ్ళేప్పుడు వాళ్ళ కావలివాడు దగ్గి గోడవైపు తిరిగి నిలబడతాడు. మా తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి. దీన్ని దొంగతనం అంటే పెళ్ళిని కూడా దొంగతనమే అనాలి."

"నాకు కథలొద్దు. గుడికి తాళం ఉంది. ఎలా వెళ్ళారు?"

"తాళం తీయలేదమ్మా," అంది వదిన. "తలుపే తీశాం. పాతకాలపు తలుపులు, కింద పట్టుకుని పైకెత్తితే గుంటలోంచి ఊడొస్తాయి. మళ్ళీ పెట్టేశాం. తాళం వేసినట్టే ఉంది చూడు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఒక్క క్షణం ఆగింది. తెల్లవారుజామున బయల్దేరి, పొద్దెక్కేసరికి కొండ దాటి తిరిగొచ్చారట.

"ఎలా మోశారు?" అన్నాను.

"రేగుపళ్ళ బుట్టలో పెట్టి వీపున వేసుకున్నాను."

"నువ్వొక్కదానివేనా!"

"వానదొర రావాలనుకుంటే పత్తిమూటలా వస్తాడు మరిదీ. వద్దనుకుంటే ఊరంతా పట్టినా లేవడు. ఈయన రావాలనే అనుకున్నాడు. ఏటవాలు ఎక్కేప్పుడు నేనే ఆయన్ని మోస్తున్నానో, ఆయనే నన్ను తోస్తున్నాడో తెలియలేదు."

లువాన్ కాగితాలు మడిచింది. "మూఢనమ్మకాలు అయ్యాయా? ఇప్పుడు నేను చెబుతాను. ఈ ముద్దని పొద్దున్నే చూశాను. సుద్ద, పిండి జిగురు, కాగితం. దేవదారు వానకు కరగదు. అంటే అసలుది వేరే చోట ఉంది. ఈవిడ అసలుదాన్ని ఎవరికో అమ్మేసి, నకలుని అందరి ఎదుటా వానలో పెట్టి కరగనిచ్చింది. ఏడవడానికి ఆరుగురు సాక్షులు. మంచి ఎత్తు."

"మా వదినా? ఆవిడ కోడిగుడ్డు అమ్మినా మర్నాడు వెళ్ళి అది బాగుందా అని అడిగొస్తుంది."

"మీ ఎదుట అబద్ధం చెప్పిందిగా?"

దీనికి నేనేం చెప్పినా అది వెల్లుల్లి వాసన వేసేది.

"మధ్యాహ్నం భోజనాల వేళకు జీపు వస్తుంది. ఈమె ఎక్కుతుంది," అంది లువాన్.

వదిన అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "ఎక్కుతానమ్మా. కానీ నేను చంపానా దేవుణ్ణి? అదొక్కటి చెప్పు. జైలుకైతే భయం లేదు."

లువాన్ గడియారం చూసుకుంది. నా బుర్రలో మాత్రం పత్తిమూట దొర్లుతోంది. నా పెళ్ళికి ముందు ఊరేగింపులో చిన్నదొర పల్లకీకి నేనూ భుజం పట్టాను. నలుగురం మోస్తే వారంపాటు నా మెడ తిరగలేదు. ఎటూ తిరగలేక పెళ్ళిచూపుల్లో ఎదురుగా కూర్చున్న పిల్లనే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్లే మా ఆవిడ. అలాంటి బరువు డెబ్బై ఏళ్ళ వీపు మీద కొండ దాటింది!

"ఇన్‌స్పెక్టరమ్మా," అన్నాను, "జీపు వచ్చేదాకా గుడి చూసొద్దాం. నకలుని ఆవిడ తయారుచేయించిందో, ఎత్తుకొచ్చిందే నకలో, ఆ పీఠం చెబుతుంది."

వద్దంటుందనుకున్నాను. "పదండి. మీ మాట తప్పని తేలితే మళ్ళీ నోరెత్తకూడదు." కానిస్టేబుల్‌ను వదిన దగ్గర ఉంచి, జీపు వచ్చాక ఆమెను గుడి మీదుగానే తీసుకురమ్మంది. పీఠాన్ని గుర్తుపట్టించాలట.

నలుగురం మోసిన ఆ పల్లకీ బరువు సంగతి దారిలో ఆమెకు చెప్పాను. గుడిలో ఐదు పీఠాలు. నాలుగింటి మీద నలుగురు అన్నలు, డ్రాగన్ మీసాలతో, గుడ్లురిమి చూస్తూ. ఐదోది ఖాళీ. నేను వంగి పీఠం వెనక వేలు పెట్టి చూశాను. ఎలుక పెంటికలు. వాటితో పాటు తెల్లటి పలుకులు, బియ్యపు నూక మాదిరి.

"నైవేద్యం రొట్టెలు అలాగే ఉన్నాయి, చూడండి," అన్నాను. "మా ఎలుకలు రొట్టెలు మానేసి దేవుణ్ణి తిన్నాయి. చెక్క దేవుడైతే పళ్ళు ఊడేవి. ఈయన పిండి దేవుడు, రుచిగా ఉండుంటాడు."

"పలుకులు వీళ్ళు ఎత్తుకెళ్ళేటప్పుడు రాలి ఉండొచ్చు. ముందే నకలు తెచ్చిపెట్టి, తర్వాత అందరితో కలిసి 'ఎత్తుకెళ్ళి' ఉండొచ్చు. వారం ముందు మార్చినా ఎలుకలు తింటాయి."

బుర్ర ఉన్న మనిషి. నాకు చిర్రెత్తింది, ముచ్చటా వేసింది. ఇద్దరం మోకాళ్ళ మీద పాకాం. దొరికింది ఆమెకే. పీఠం అంచున ఎర్రటి మైనం గడ్డకట్టి ఉంది. ఆమె చాకుతో దాన్ని ముద్దగా ఊడదీసి వెలుతురుకు పెట్టింది. మైనం లోపల, పై అంచుకు దగ్గరగా, తేనెలో చీమలా చిక్కుకుని ఒక తెల్ల పలుకు.

"ఈ ఎర్ర కొవ్వొత్తులు ఎప్పుడు వెలిగిస్తారు?"

"రెండో నెల రెండో రోజున. డ్రాగన్ తలెత్తే పండగ. ఏడాదికి ఆ ఒక్కరోజే ఎరుపు. మిగతా రోజుల్లో అగరొత్తులే."

ఇప్పుడు ఆరో నెల. మైనం కరిగి కారే నాటికే ఇక్కడ పలుకు పడి ఉంది. అంటే చలికాలానికే చిన్నదొర సుద్దదొర. వాన మొహం చాటేస్తుందని ఆ రెండో నెలలో మొగుడు పోయిన ఏ ఆడదానికీ తెలియదు.

లువాన్ మైనం ముద్దని సంచిలో వేసుకుంది. "ఇది కోర్టులో నిలవదు. గుడి మరమ్మతులప్పటి సుద్ద అంటారు." అని, ఏదో తట్టినట్టు లేచి వెళ్ళి పెద్దదొర మోకాలి మీద పెన్నుతో కొట్టింది.

డబ్ డబ్.

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రెండో దొర: డబ్ డబ్. మూడో దొర, నాలుగో దొర, అందరూ ఎండిన సొరకాయలే. రెండో దొర అంగీ ఎత్తి చాకుతో గీరితే తెల్లపొడి రాలింది.

"నాలుగూనా!" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. కారణం నకళ్ళు కాదు. "పొద్దున దౌ ఒక అనుమతి కాగితం తెచ్చాడు. దొంగలు మళ్ళీ వస్తారేమో, మిగతా నాలుగింటినీ భద్రమైన గోదాముకు తరలిస్తానన్నాడు. సంతకం పెట్టాను."

"ఎప్పుడు తరలిస్తాడట?"

బయట లారీ హారన్ మోగింది.

ఈ నాలుగూ కొండ దిగితే మళ్ళీ కనబడవు. దారిలో లారీ బోల్తా పడుతుంది, లేదా గోదాము తగలబడుతుంది. అప్పుడు దోషి ఎవరు? దేవుణ్ణి ఎత్తుకెళ్ళానని సొంత నోటితో ఒప్పుకున్న మనిషి ఒక్కతే ఉంది.

నేను ఖాళీ పీఠం ఎక్కి కూర్చున్నాను. ఐదో దొర చోటు నాకు సరిగ్గా సరిపోయింది.

"దిగండి," అంది లువాన్ నోట్లోనే.

"మీరు సంతకం పెట్టారు, మీ నోరు కట్టుబడింది. నేను దేవుణ్ణి, నాకే కాగితమూ చెల్లదు."

దౌ మేనేజరు నవ్వుతూ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో సిల్కు విసనకర్ర, వెనక ఇద్దరు కూలీలు. "మేడం, నమస్కారం. ఈ తాతగారు ప్రదర్శనలో కొత్త విగ్రహమా? టిక్కెట్టు పెంచాలేమో!"

"పెంచు నాయనా," అన్నాను. "మాట్లాడే దేవుడు చౌకగా దొరకడు."

లువాన్ అతని వైపు కాదు, అతని వెనక్కి చూసింది. గుమ్మం దాకా వెళ్ళి లారీలోకి కూడా తొంగి చూసింది. వెనుదిరిగి, వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగింది. "మిగతా మనుషులు ఎంతసేపట్లో వస్తారు?"

"మిగతా మనుషులెందుకండీ? మా ఇద్దరు కుర్రాళ్ళు చాలు."

ఆ మాట పూర్తయ్యేలోగా ఒక కూలీ పెద్దదొరను నడుం దగ్గర పట్టుకుని, గుమ్మడికాయ ఎత్తినట్టు ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఒక్కడే. మోకులు లేవు, మోతకర్రలు లేవు. ముందు ఎత్తి చూసి బరువు అంచనా కట్టనైనా లేదు. దేవుడు తేలికని వాడి భుజానికి ముందే తెలుసు.

దౌ విసనకర్ర ఆగింది. తాను ఏం చేశాడో అతనికి అప్పుడే తెలిసింది.

"దించు," అంది లువాన్. సరిగ్గా ఆ క్షణంలో ఆకాశం ఫెళ్ళున ఉరిమింది. కూలీ పెద్దదొరను దించి, తానూ ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

"నలుగురు మోసే దేవుణ్ణి ఇద్దరితో తీసుకెళ్ళడానికి వచ్చారు మేనేజరుగారూ. అసలువి ఎక్కడ?"

దౌ రెండు మూడు అబద్ధాలు మొదలుపెట్టాడు. అన్నీ సగంలోనే ఆరిపోయాయి. నా కనుబొమ ప్రతాపం కాదు. ఆ కూలీలు అప్పటికే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. ఈలోగా జీపు వచ్చి ఆగింది. కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని వదిన గుమ్మం ఎక్కింది. ఎర్ర అంగీ ఇంకా చంకలోనే ఉంది. నన్ను పీఠం మీద చూసి, "ఓరి నీ జిమ్మడ, దిగు," అంది.

లువాన్ ఆమెను చూడగానే సంగతంతా రెండు ముక్కల్లో చెప్పింది. "మీరు దేవుణ్ణి చంపలేదు పెద్దమ్మా. మీరు ఎత్తుకెళ్ళింది సుద్ద. చలికాలంలోనే ఇతను ఐదుగురినీ మార్చేశాడు."

వదిన గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. ఆమె భుజాల మీద నుంచి ఆ బరువు దిగడం నేను కళ్ళారా చూశాను.

"నలుగురిని," అన్నాడు దౌ.

"ఏంటి?"

"మార్చింది నలుగురిని. నాది కానిది నాకు అంటగట్టకండి. ఐదు నకళ్ళు చేయించి తెచ్చాను, నిజమే. చిన్నదాన్ని ఎత్తబోతే గాల్లోకి లేచింది. అప్పటికే ఎవడో నాకన్నా ముందు వచ్చిపోయాడు. నా ఐదో నకలు ఇంకా గోదాములోనే పడుంది, వెళ్ళి చూసుకోండి. నేరమంతా ఎత్తుకెళ్ళినవాళ్ళ మీదకు పోతుందనే ఫిర్యాదు చేశాను. నాలుగు నావి, ఐదోది కాదు."

లువాన్ మారుమాట్లాడకుండా సంచిలోంచి మైనం ముద్ద తీసి, చాకుతో నిలువునా చీల్చింది. పొర మీద పొర, చెట్టు మాను కోసినట్టుంది. పై పొరలో తెల్ల పలుకు. దాని కింద నిరుటి పొరలో ఇంకోటి. ఇంకా కింద ఇంకోటి. ఆమె చాకు మొనతో లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. తొమ్మిది పొరల దాకా ఎలుకల విందే. పదోది మాత్రం శుభ్రమైన ఎరుపు.

"తొమ్మిదేళ్ళ కిందట ఏం జరిగింది?" అంది.

నాకు చటుక్కున గుర్తొచ్చింది. కొన్నేళ్ళుగా ఊరేగింపులో చిన్నదొర పల్లకీ అన్నలందరినీ దాటుకుని ముందు పరిగెత్తేది. కుర్రదేవుడు, హుషారుగా ఉన్నాడని చప్పట్లు కొట్టేవాళ్ళం!

"తొమ్మిదేళ్ళ కిందట కూడా కరువే," అంది వదిన కళ్ళు తెరిచి. "అప్పుడూ ఈయన్నే తెచ్చాం. తెచ్చేటప్పుడు బరువుగానే ఉన్నాడు, నలుగురం మోశాం, దారిలో రెండుసార్లు దించాం. తిరిగి అప్పజెప్పేటప్పుడు..." ఆగింది.

"అప్పజెప్పేటప్పుడు?"

"తేలిగ్గా ఉన్నాడు. ఇంటికి పోతున్నానని సంతోషం కాబోలు అనుకున్నాం."

"మధ్యలో ఎక్కడ ఉంచారు? మీ ఇంట్లోనా?"

వదిన నా వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. దాని వెనక జాలి ఉంది.

"హౌలింగ్ వాళ్ళు ఆ ఏడాది పట్టుదలగా వెతికారమ్మా. వాళ్ళు వెతకని ఇల్లు ఊళ్ళో ఒక్కటే. పది రోజులూ మరిది ఇంట్లోనే ఉంచాం, వెనక గదిలో, కొర్రల గాదె పక్కన. వాళ్ళావిడా నేనూ కలిసి దుప్పటి కప్పాం. పోలీసు ఇంట్లో ఎవరు వెతుకుతారు చెప్పు? మరిదికి ఇప్పటిదాకా చెప్పలేదు, బాధపడతాడని."

పది రోజులు. నేను రోజూ ఆ గాదెలోంచే కొర్రలు తీసి కోళ్ళకు వేశాను. ఆ దుప్పటి మీద నా టోపీ పెట్టుకునేవాణ్ణి కూడా.

ఇన్‌స్పెక్టర్ లువాన్ నడుము దగ్గరి బేడీలు తీసింది. ఒక జత దౌ చేతులకు వేసింది. రెండో జత చేతిలోనే పట్టుకుని, నేను ఇంకా దిగని పీఠం ముందుకు వచ్చి నిలబడింది.

"ఝాయ్ గారూ," అంది, గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు, "అసలు విగ్రహం చివరిసారి కనబడింది మీ ఇంట్లో. దిగండి. ఇకనుంచి ప్రశ్నలు నేను అడుగుతాను."

దిగాను. వదిన నా చెయ్యి పట్టుకుని దింపింది.

ఇక్కడొక మాట. ఆకాశం ఉరిమిందని రాశాను చూశారా, అది మాత్రం నా కల్పన. ఆ రోజు ఎర్రటి ఎండ, మబ్బు తునక లేదు. ఫెళ్ళుమన్నది లారీ వెనక తలుపు. గొలుసు తెగి పడింది. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను, ఆ రెండో జత బేడీలతో సహా. అవి కాస్త బిగుతుగానే ఉన్నాయి.